డబ్బా అమ్మది.. చెంచా ఆయమ్మది!

అన్నప్రాశన ముచ్చట తీరేసరికి అమ్మకు సెలవు అయిపోతుంది. బిడ్డ క్రెష్‌కో, అమ్మమ్మ ఒడికో చేరుతుంది. తల్లిపాలు ఒక్కటే సరిపోని దశ మొదలయ్యేదీ అప్పుడే. అంటే బిడ్డకు తిండి అవసరమైన తొలి రోజుల్లోనే తినిపించే చెయ్యి మారిపోతుంది. అప్పుడు జాగ్రత్త తీసుకోకపోతే పొట్ట నిండినా ఒంట్లో రక్తం పెరగదు. కాస్త ముందుచూపు ఉంటే మాత్రం ఈ దశను హాయిగా దాటించొచ్చు.

ఉదయం ఎనిమిది గంటల వేళ బెంజిసర్కిల్, పటమట, కానూరు వైపు వీధుల్లో ఒక దృశ్యం మామూలే. ఒక భుజాన ఆఫీసు బ్యాగు, మరో భుజాన నిద్రకళ్ల పసిబిడ్డ, చేతిలో పాలసీసా, చిన్న డబ్బా ఉన్న బుట్ట. క్రెష్ గుమ్మంలో బిడ్డను అందించి ఒకరు వెలగపూడి సచివాలయానికి, ఒకరు గుంటూరుకు, మరొకరు గుడివాడలోని బ్యాంకుకు పరుగు తీస్తారు. తిరిగి బిడ్డను ఎత్తుకునేది సాయంత్రం ఆరు, ఏడు గంటలకే.

ఈ పది, పదకొండు గంటల్లో తొమ్మిది నెలల బిడ్డ కనీసం రెండుసార్లు భోజనం చెయ్యాలి. మధ్యలో ఒకసారి పండో, మరేదైనా చిరుతిండో తినాలి. ఇంట్లో మిగిలేది పొద్దున నాలుగు ముద్దలు, రాత్రి భోజనం. అంటే బిడ్డ అసలు తిండి క్రెష్‌లోనే ఉంది. మనమేమో అక్కడి తిండిని సాయంత్రం దాకా ఆకలి ఆపే ఏర్పాటుగానే చూస్తున్నాం. రెండు సీసాల పాలు, నాలుగు బిస్కెట్లు, ఓ చిన్న డబ్బా జావ పంపి ‘రాత్రికి మనం బాగా పెడదాంలే’ అనుకుంటున్నాం. చిక్కంతా ఇక్కడే ఉంది. రోజంతా అలసిపోయిన బిడ్డ రాత్రి ఎనిమిదింటికి కోరుకునేది అమ్మ పాలు, అమ్మ పక్కన నిద్ర. పగలు తినని తిండినంతా అప్పుడు తినిపించటం ఎవరి తరమూ కాదు.

సెలవు అయిపోయే వేళకే..

2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు తొలి రెండు కాన్పులకు వేతనంతో కూడిన సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. అందులో 8 వారాల వరకు కాన్పుకు ముందే వాడుకోవచ్చు. అలా వాడుకుంటే బిడ్డకు నాలుగు నెలలు దాటగానే ఉద్యోగానికి వెళ్లాల్సి వస్తుంది. మొత్తం సెలవు కాన్పు తర్వాతే వాడుకున్నా ఆరు నెలలకు అయిపోతుంది. తల్లిపాలతో పాటు ఇతర ఆహారం మొదలుపెట్టాల్సిన సమయమూ అదే.

50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ సదుపాయం కల్పించాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లి బిడ్డను చూసుకోవచ్చనీ కూడా ఆ సవరణలో ఉంది. ఇది చాలామందికి తెలియదు. మీ సంస్థలో అడగండి. క్రెష్ దగ్గర్లో ఉంటే ఆ నాలుగుసార్లలో ఒకటి మధ్యాహ్న భోజనం వేళకు కేటాయించండి. వారంలో రెండు రోజులైనా మీ చేత్తో తినిపిస్తే, బిడ్డ ఎంత తింటుందో, ఎలా తింటుందో మీకే తెలుస్తుంది.

బొద్దుగా ఉన్నా రక్తహీనత!

పుట్టేటప్పుడు బిడ్డ అమ్మ నుంచి కొంత ఐరన్ నిల్వను వెంట తెచ్చుకుంటుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డకు అది సుమారు ఆరు నెలలు వస్తుంది. తల్లిపాలలోని ఐరన్ బాగా ఒంటబడుతుంది గానీ దాని మొత్తం చాలా తక్కువ. ఆ తర్వాత కావాల్సిన ఐరన్ తిండి నుంచే రావాలి. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు ఈ నిల్వ ఇంకా ముందే అయిపోతుంది. వాళ్లకు ఐరన్ చుక్కల మందు ఎప్పుడు మొదలుపెట్టాలో పిల్లల డాక్టరు చెబుతారు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో 6 నెలల నుంచి 5 ఏళ్ల లోపు పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉంది. మన రాష్ట్రంలో అది 63.2 శాతం. అదే సర్వే ప్రకారం దేశంలో 6-23 నెలల పిల్లల్లో వయసుకు తగిన ఆహారం అందుతున్నది 11.3 శాతం మందికే. ఇంత పెద్ద సంఖ్య పేద ఇళ్లతోనే రాదు. డబ్బుకు కొదవ లేని ఇళ్లలోనూ ఈ సమస్య ఉంది.

ప్రభుత్వ ఆసుపత్రి ఓపీకి వచ్చే పిల్లల్లో ఒక కోవ తరచూ కనిపిస్తుంది. పది, పదకొండు నెలల బిడ్డ. బుగ్గలు బూరెల్లా ఉంటాయి. ‘రోజుకు లీటరు పాలు తాగుతాడండీ, తిండి మాత్రం ముట్టడు’ అని నాయనమ్మ చెబుతుంది. ‘ఈమధ్య రంగు కూడా తేలాడు’ అంటుంది మురిపెంగా. అరచేయి తిప్పి చూస్తే కాగితంలా పాలిపోయి ఉంటుంది. తేలింది రంగు కాదు, తగ్గింది రక్తం. గేదె పాలైనా ఆవు పాలైనా ఐరన్ చాలా తక్కువ. పైగా పాలలోని కాల్షియం, కేసిన్ అనే మాంసకృత్తు కలిసి మిగతా తిండిలోని ఐరన్‌ను కూడా ఒంటబట్టనివ్వవు. ఏడాది లోపు పిల్లల్లో కొందరికి ఈ పాల వల్ల పేగుల్లో కంటికి కనిపించనంత కొద్దికొద్దిగా రక్తం కూడా పోతుంది. సీసా పాలతో పొట్ట నిండిపోతే ఆకలి వెయ్యదు. ఆకలి లేకపోతే తిండి తినరు. తినటం లేదని మళ్లీ పాలే పట్టిస్తాం. అది అలా తిరుగుతూనే ఉంటుంది.

హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తగ్గితే ఇన్నాళ్లూ రక్తహీనతగా లెక్కించేవారు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 6-23 నెలల పిల్లలకు ఈ హద్దును 10.5గా సవరించింది. అంకె కొంచెం అటూఇటూ అయినా విషయం మారదు. ఐరన్ రక్తానికే కాదు, మెదడుకూ కావాలి. కోస్టారికాలో పసితనంలో తీవ్రంగా ఐరన్ లోపించిన పిల్లలకు చికిత్స చేసి, 11-14 ఏళ్ల వయసులో మళ్లీ పరీక్షించారు. రక్తం ఎప్పుడో సరైంది గానీ చదువులో, తెలివితేటల పరీక్షల్లో వాళ్లు తోటివారి కంటే వెనకబడే ఉన్నారు. రక్తం తర్వాతైనా పెంచుకోవచ్చు. మెదడు వేగంగా ఎదిగే ఈ నెలలు మాత్రం మళ్లీ రావు. అందుకే డబ్బాలో ఏం పంపుతున్నామనేది అంత పెద్ద విషయం.

పలుచన జావతో సరిపెట్టొద్దు

ఎనిమిది నెలల బిడ్డ పొట్టలో ఒకసారికి పట్టేది సుమారు 200 మిల్లీలీటర్లు. ఆ కొంచెం చోటును నీళ్లతో నింపితే శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? ‘గొంతులో పడుతుందేమో, అరగదేమో’ అన్న భయంతో చాలామంది అన్నాన్ని మిక్సీలో వేసి, నీళ్లు పోసి, సీసాలో పట్టేంత పలుచగా చేసి పంపుతారు. తినిపించేవారికీ అదే సులువు, గటగటా తాగించెయ్యొచ్చు. బిడ్డకు మాత్రం నష్టం. తిండి చెంచాలోంచి జారిపోకుండా నిలవాలి. అదే గుర్తు.

తల్లిపాలు కాక తిండి నుంచి రోజుకు 6-8 నెలల్లో సుమారు 200 కేలరీలు, 9-11 నెలల్లో సుమారు 300 కేలరీలు, ఏడాది నుంచి రెండేళ్ల లోపు సుమారు 550 కేలరీలు కావాలి. దీన్ని గిన్నెల్లో చెప్పుకొంటే తేలిక.

- 6-8 నెలలు: రోజుకు 2-3 సార్లు. రెండు, మూడు పెద్ద చెంచాలతో మొదలుపెట్టి, మెల్లగా 250 మి.లీ. గిన్నెలో సగం దాకా. బాగా మెదిపిన చిక్కటి ముద్ద.
- 9-11 నెలలు: రోజుకు 3-4 సార్లు, ప్రతిసారీ సగం గిన్నె. మధ్యలో ఒకటి, రెండుసార్లు పండు వంటి చిరుతిండి. మిక్సీ మానేసి చేత్తో మెదిపితే చాలు. చేత్తో పట్టుకుని తినే మెత్తటి ముక్కలు కూడా ఇవ్వాలి.
- 12 నెలలు దాటాక: రోజుకు 3-4 సార్లు, ముప్పావు గిన్నె నుంచి గిన్నెడు. ఇంట్లో అందరూ తినేదే, కారం తగ్గించి.

ప్రతి ముద్దలో ఒక చిన్న చెంచా నెయ్యి కలిపితే 45 కేలరీలు అదనంగా వస్తాయి, పరిమాణం పెరగదు. జావే పెట్టాలనుకుంటే రాగుల్ని మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి పిండి పట్టించండి. మొలక వచ్చినప్పుడు గింజలో పుట్టే ఎంజైములు పిండిపదార్థాన్ని విడగొడతాయి. దాంతో ఎక్కువ పిండి వేసినా జావ గట్టిపడి ముద్దకట్టదు. అదే గిన్నెలో ఎక్కువ బలం పడుతుంది.

ఇక్కడ ఒక మాట. రాగి జావ తాగితే రక్తం పడుతుందనేది మన దగ్గర గట్టి నమ్మకం. రాగుల గొప్పతనం కాల్షియంలో ఉంది. వంద గ్రాములకు 340 మి.గ్రా. పైనే ఉంటుంది. ఐరన్ విషయంలో మాత్రం రాగులు ఒక్కటే సరిపోవు. అందులోని ఫైటేట్లు ఉన్న ఐరన్‌ను కూడా పూర్తిగా ఒంటబట్టనివ్వవు. జావ పెట్టండి, దాంతో పాటు ఇంకా పెట్టాలి.

మన డెల్టాలోనే అన్నీ ఉన్నాయి

ఖరీదైన డబ్బా ఆహారాలు అక్కర్లేదు. మన పెద్దవాళ్ల ఉగ్గునే కాస్త మెరుగుపరిస్తే చాలు. మూడు వంతుల బియ్యం, ఒక వంతు పెసరపప్పు విడివిడిగా దోరగా వేయించి రవ్వ పట్టించాలి. బియ్యంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పులో ఎక్కువ. పప్పులో తక్కువగా ఉండే మిథియోనిన్ బియ్యంలో ఉంటుంది. రెండూ కలిస్తేనే మంచి మాంసకృత్తు. ఉడికేటప్పుడు గుప్పెడు తోటకూర, మునగాకు, గుమ్మడి, క్యారెట్‌లలో ఏదో ఒకటి వెయ్యాలి. దించాక నెయ్యి, నాలుగు చుక్కల నిమ్మరసం. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఐరన్ ఒంటబట్టాలంటే నిమ్మ, టమాటా, జామలలోని విటమిన్-సి తోడు కావాలి.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రూపొందించిన ‘హైదరాబాద్ మిక్స్’ కూడా ఇంట్లో చేసుకోదగ్గదే. వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన శనగపప్పు 16 గ్రాములు, వేరుశనగపప్పు 10 గ్రాములు, బెల్లం 20 గ్రాములు దాని కొలత. మొత్తం మీద 330 కేలరీలు, 11 గ్రాములకు పైగా మాంసకృత్తులు వస్తాయి. పోషకలోపంతో చిక్కిపోయిన పిల్లల కోసం చేసిన కొలత ఇది. మామూలుగా ఎదుగుతున్న ఏడాది లోపు బిడ్డకైతే బెల్లం మానేసి, అరటిపండు మెదిపి కలపండి.

గుడ్డు, చేప, కోడిమాంసం తినే ఇళ్లలో వాటిని ఏడాది దాకా ఆపాల్సిన పనిలేదు. ఆరు నెలలు దాటాక బాగా ఉడికించి పెట్టొచ్చు. గుడ్డులో పచ్చసొన మాత్రమే ఇవ్వాలన్న నియమం లేదు. పావు గుడ్డుతో మొదలుపెట్టి మొత్తం గుడ్డు ఇవ్వొచ్చు. వారానికోసారి ఒకటి, రెండు చిన్న చెంచాల కోడి లివర్ మెత్తగా ఉడికించి అన్నంలో కలిపితే ఐరన్‌కు అంతకు మించింది లేదు. చేపల్లో కొరమీను పిల్లలకు అనువు, సన్నముళ్ల బెడద తక్కువ. బొచ్చె, శీలావతి వంటివి ఇంట్లో మీరే ముళ్లు ఏరి పెట్టండి, క్రెష్ డబ్బాలో వద్దు. కొన్ని క్రెష్‌లలో నీచు తీసుకురానివ్వరు. అలాంటప్పుడు గుడ్డు పొద్దున, చేప రాత్రి ఇంట్లో పెడితే సరి. ఏ కొత్త పదార్థమైనా ముందు సెలవు రోజున ఇంట్లో పెట్టి చూడండి. దద్దుర్లు, వాంతులు లేవని తెలిశాకే డబ్బాలో పంపండి.

శాకాహారులైతే పప్పు రోజూ తప్పనిసరి. దాంతో పాటు పెరుగు, వేరుశనగ పొడి, నువ్వుల పొడి, ఆకుకూర, నిమ్మ ఉండాలి. ఐరన్ సిరప్ విషయంలో ఇంకాస్త శ్రద్ధ కావాలి. అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం కింద 6 నెలల నుంచి 5 ఏళ్ల లోపు పిల్లలకు వారానికి రెండుసార్లు 1 మి.లీ. ఐరన్, ఫోలిక్ యాసిడ్ సిరప్ ఇస్తారు. అందులో 20 మి.గ్రా. ఐరన్ ఉంటుంది. ఆశా కార్యకర్తను అడగండి. ఇప్పటికే డాక్టరు రాసిన ఐరన్ మందు వాడుతుంటే రెండూ కలిపి వెయ్యొద్దు. పాలతో పాటు వేస్తే ఐరన్ ఒంటబట్టదు. ఈ మందు వేస్తున్నప్పుడు మలం నల్లగా రావటం మామూలే.

తొమ్మిది నెలల బిడ్డకు వారం డబ్బా ఇలా..

- సోమవారం: పెసరపప్పు ఉగ్గులో తోటకూర, నెయ్యి, నిమ్మచుక్కలు. సాయంత్రం చక్కెరకేళి అరటిపండు.
- మంగళవారం: మెదిపిన ఇడ్లీలో ముద్దపప్పు, నెయ్యి. సాయంత్రం ఉడికించిన చిలగడదుంప.
- బుధవారం: అన్నం, ఉడికించిన గుడ్డు, క్యారెట్. సాయంత్రం బొప్పాయి.
- గురువారం: మొలకెత్తిన రాగిపిండి జావలో వేరుశనగ పొడి, మెదిపిన అరటిపండు. మధ్యాహ్నం పప్పన్నం.
- శుక్రవారం: కందిపప్పు, గుమ్మడికాయ, మునగాకు వేసిన మెత్తటి అన్నం. సాయంత్రం గింజలు తీసి మెదిపిన సపోటా.
- శనివారం: పెరుగన్నం, మెదిపిన బీట్‌రూట్. సాయంత్రం బాగా పండిన జామ గుజ్జు, గింజలు తీసి.

అమ్మ పాలు పొద్దున, సాయంత్రం, రాత్రి యథావిధిగా కొనసాగాలి. రెండేళ్లు, ఆపైన కూడా ఇవ్వొచ్చు. పిండిన పాలు పంపేవాళ్లు 25 డిగ్రీల లోపు చల్లదనంలో నాలుగు గంటల్లో వాడెయ్యాలి. మన ఊరి ఎండలకు ఆ లెక్క పనికిరాదు. ఐసు ప్యాకులున్న పెట్టెలో పంపి, అక్కడ ఫ్రిజ్‌లో పెట్టించండి. సీసా బదులు చిన్న గిన్నె, చెంచాతో పట్టమనండి.

ఎనిమిదింటి డబ్బా.. ఒంటిగంటకు

ఉదయం ఎనిమిదింటికి కట్టిన పప్పన్నం మధ్యాహ్నం ఒంటిగంటకు తెరుస్తారు. ఐదు గంటలు. వండిన తిండి గది వేడిలో రెండు గంటలకు మించి ఉండకూడదు. నడివేసవిలో 40 డిగ్రీలు దాటే విజయవాడలో ఆ సమయం ఇంకా తక్కువ. 5 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా హాయిగా పెరుగుతుంది. మామూలు హాట్‌ప్యాక్‌లో గోరువెచ్చగా ఉన్న అన్నం సరిగ్గా ఆ మధ్యలోనే ఉంటుంది.

దీనికి మూడు దారులున్నాయి. మొదటిది, వండి పంపటం మానేసి వేయించిన ఉగ్గురవ్వ, రాగిపిండి పొడిగా పంపటం. క్రెష్‌లో గ్యాస్ స్టవ్ ఉంటే అప్పటికప్పుడు పది నిమిషాల్లో ఉడుకుతుంది. రెండోది, మంచి స్టీలు ఫ్లాస్కులో ముందుగా మరిగే నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచి, పారబోసి, పొగలు కక్కే అన్నాన్ని నిండుగా సర్దటం. తెరిచినప్పుడు కూడా పొగలు రావాలి. మూడోది, చల్లగా పంపి అక్కడ ఫ్రిజ్‌లో ఉంచి, తినిపించే ముందు పొగలొచ్చేలా వేడి చేయించి, ఆరనిచ్చి పెట్టించటం. పండ్లు తొక్కతోనే, గుడ్డు పెంకుతోనే పంపండి, కొయ్యటం, ఒలవటం అక్కడే జరగాలి. బిడ్డ ఎంగిలి తగిలిన తిండి మిగిలితే పారెయ్యాల్సిందే.

క్రెష్‌లో విరేచనాలు ఒకరి నుంచి ఒకరికి పాకటానికి ముఖ్య కారణం తిండి కంటే చెయ్యి. డైపర్ మార్చిన చేతులతోనే అన్నం కలుపుతారు. సబ్బుతో చేతులు కడుక్కునే చోటు డైపర్లు మార్చే చోటుకు దగ్గర్లో ఉందా అన్నది చూడండి. ఒకే గిన్నె, ఒకే చెంచాతో నలుగురికి పెట్టటం కూడా మామూలు అలవాటే. మీ బిడ్డ చెంచా మీద గుర్తు పెట్టండి. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్‌తో పాటు, ఆరు నెలలు దాటిన పిల్లలకు 14 రోజులు రోజుకు 20 మి.గ్రా. జింక్ ఇస్తాం. అప్పుడు తిండి ఆపకూడదు.

తినిపించే తీరులోనే సగం బలం

నల్గొండ జిల్లాలోని 60 గ్రామాల్లో 600 మంది తల్లీబిడ్డలతో జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఒక అధ్యయనం చేశారు. దాని ఫలితాలు 2013లో వచ్చాయి. కొన్ని గ్రామాల్లో మామూలు అంగన్‌వాడీ సేవలు. కొన్నిచోట్ల దాంతో పాటు ఏం పెట్టాలో తల్లులకు ఇంటికెళ్లి చెప్పారు. మరికొన్నిచోట్ల ఏం పెట్టాలనే కాక, ఎలా తినిపించాలో, ఎలా ఆడించాలో కూడా నేర్పారు. చెప్పిన గ్రామాల్లో పిల్లలు తినే తిండి మెరుగైంది. తినిపించే తీరు, ఆటలు కూడా నేర్పిన చోట పిల్లల మానసిక వికాసం స్కోర్లు ఎక్కువగా వచ్చాయి. ఖరీదైన పొడులేవీ పంచలేదు, ఓపికగా చెప్పారంతే.

ఆ తీరులో పెద్ద రహస్యమేం లేదు. బిడ్డను నిటారుగా కూర్చోబెట్టాలి. ఎదురుగా కూర్చుని కళ్లలోకి చూస్తూ, కబుర్లు చెబుతూ పెట్టాలి. నోరు తెరిస్తే పెట్టాలి. మొహం తిప్పినా, పెదాలు బిగించినా, చెంచా తోసినా ఆపాలి. రెండు నిమిషాలాగి మళ్లీ అడగొచ్చు, అంతే. అరగంటకు మించి సాగదీయొద్దు. కొత్త రుచి అలవాటు కావటానికి ఎనిమిది, పదిసార్లు పట్టొచ్చు. రెండోసారికే ‘వీడికి ఆకుకూర పడదు’ అని తేల్చెయ్యొద్దు. కాళ్ల మీద పడుకోబెట్టి, ముక్కు మూసి, గొంతులో పోసే పద్ధతి ప్రమాదకరం. తిండి ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావొచ్చు. ఫోన్ చూపిస్తూ తినిపిస్తే బిడ్డకు తన ఆకలి తనకే తెలియకుండా పోతుంది. ఏడాది లోపు పిల్లలకు ఫోను, టీవీ అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

‘తిన్నాడా?’ అని అడగొద్దు

సాయంత్రం క్రెష్ గుమ్మంలో మనం అడిగేది ఒక్కటే. ‘తిన్నాడా?’ జవాబూ ఒక్కటే. ‘బాగా తిన్నాడండీ.’ ఇందులో ఆయమ్మ తప్పేం లేదు. డబ్బాలో సగం మిగిలిందని చెబితే మన మొహం మాడుతుందని ఆమెకు తెలుసు. రెండుసార్లు మనం విసుక్కుంటే మూడోసారి డబ్బా ఖాళీగానే వస్తుంది. ఆ తిండి బిడ్డకు బలవంతంగా కుక్కితేనో, పారబోస్తేనో ఖాళీ అయ్యిందన్న సంగతి మనకు తెలియదు. ఖాళీ డబ్బా కంటే నిజం చెప్పే డబ్బా మేలు.

అందుకే చేర్చిన మొదటి రోజే ఆయమ్మతో చెప్పండి. ‘మిగిలితే ఏమీ అనం, మిగిలింది మిగిలినట్టే పంపమ్మా. ఎంత తిన్నాడో మాకు తెలియాలి.’ డబ్బాతో పాటు ఒక చిన్న నోటుబుక్ పంపండి. ఒకవైపు మీరు రాయండి, రాత్రి ఏం తిన్నాడు, పొద్దున ఎన్నింటికి పాలు తాగాడు, కొత్తగా ఏం పెట్టారు. రెండోవైపు అక్కడివాళ్లు రాస్తారు, ఎన్నింటికి ఏం పెట్టారు, ఎన్ని చెంచాలు తిన్నాడు, విరేచనం ఎన్నిసార్లు, నిద్ర ఎంతసేపు. రాయటం కుదరకపోతే ఫోన్‌లో వాయిస్ మెసేజ్ చాలు. వారం తిరిగేసరికి మీ బిడ్డ ఆకలి వేళలు తెలిసిపోతాయి. పదకొండింటికి బాగా తిని, ఒంటిగంటకు నిద్రపోయే బిడ్డకు ఒంటిగంట భోజనం పెట్టమనటంలో అర్థం లేదు కదా!

క్రెష్‌ను ఎంచుకునేటప్పుడు భోజనం వేళకు వెళ్లి చూడండి. గోడల మీద బొమ్మలు, ఏసీ, కెమెరాలు తర్వాతి సంగతి. మూడేళ్ల లోపు పిల్లలు పదిమందికి ఒక కార్యకర్త ఉండాలని, సాయంగా మరొకరుండాలని కేంద్రం 2018లో ఇచ్చిన కనీస ప్రమాణాలు చెబుతున్నాయి. ఏడాది లోపు పిల్లలు ఎక్కువగా ఉన్నచోట అంతకంటే ఎక్కువ చేతులు కావాలి. ఒక్కరే ఎనిమిది మంది పసివాళ్లకు పెడుతుంటే ఓపికగా తినిపించటం ఎంత మంచి మనిషికైనా సాధ్యం కాదు.

బిడ్డ అమ్మమ్మ, నాయనమ్మల దగ్గర ఉంటే ఆదుర్దా తక్కువ, మొహమాటం ఎక్కువ. పాలలో ముంచిన బిస్కెట్, టీ నీళ్లు, నాలుకకు తేనె, ప్రతిదాంట్లో చిటికెడు పంచదార. ప్రేమతోనే పెడతారు. కోడలో కూతురో చెబితే నొచ్చుకుంటారు. టీకాల రోజున వాళ్లనే ఆసుపత్రికి తీసుకురండి. మేము చెబితే వింటారు. వాళ్ల ఉగ్గు గొప్పదని ముందు ఒప్పుకోండి, ఆ తర్వాత అందులో ఆకుకూర వేయమని అడగండి.

అంగన్‌వాడీ మనకూ ఉంది

అంగన్‌వాడీ పేదలకే అనుకోవటం పొరపాటు. దీనికి ఆదాయ పరిమితి లేదు. బిడ్డ బరువు, ఎత్తు చూసి ఎదుగుదల చార్టులో గుర్తిస్తారు. మూడేళ్ల లోపు పిల్లలకు ఇంటికిచ్చే బాలామృతం 2.5 కిలోల ప్యాకెట్టులో గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె ఉంటాయి. అందులో ఇప్పటికే తీపి ఉంటుంది కాబట్టి మళ్లీ పంచదార వెయ్యొద్దు. మెదిపిన పప్పో, కూరో తోడుగా పెట్టండి.

ఇంకో మాట. మీ బిడ్డకు తినిపించే ఆయమ్మకు కూడా ఇంట్లో ఒక పసిబిడ్డ ఉండొచ్చు. ఆ బిడ్డను ఏ పెద్దక్కో, ముసలమ్మో చూస్తుంటుంది. ఆ బిడ్డ బాలామృతం తీసుకుంటున్నారా, ఐరన్ సిరప్ అందుతోందా అని ఒకసారి అడగండి. మీరు నేర్చుకున్నది ఆమెతో పంచుకోండి. ఎందుకు చిక్కగా పెట్టాలో తన బిడ్డ విషయంలో అర్థమైన మనిషి మీ బిడ్డకూ అలాగే పెడుతుంది.

ఏడాది లోపు ఇవి వద్దు

- తేనె. ఇందులోని బ్యాక్టీరియా బీజాల వల్ల బోటులిజం అనే ప్రమాదకర జబ్బు రావొచ్చు.
- ఉప్పు, పంచదార, బెల్లం విడిగా కలపటం. టీ, కాఫీ, ప్యాకెట్ జ్యూసులు.
- ప్రధాన ఆహారంగా ఆవు, గేదె పాలు. పెరుగుగా, వంటలో కొద్దిగా అయితే ఫర్వాలేదు.
- వేరుశనగ గింజలు, వేయించిన శనగలు, ద్రాక్ష, సపోటా గింజలు, పచ్చి క్యారెట్, ఆపిల్ ముక్కలు, చేగోడీలు. ఐదేళ్ల లోపు పిల్లలకు గట్టి గింజలు ఎప్పుడూ జాగ్రత్తే.

గొంతులో అడ్డుపడితే: బిడ్డ దగ్గుతుంటే దగ్గనివ్వండి. శబ్దం రాక, ఊపిరాడక నీలంగా మారుతుంటే ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి రెండు భుజాల మధ్య అరచేతి మడమతో ఐదుసార్లు గట్టిగా తట్టండి. రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ముల గీతకు కాస్త కింద, ఛాతీ మధ్య ఎముక మీద రెండు వేళ్లతో ఐదుసార్లు నొక్కండి. వచ్చేదాకా మార్చి మార్చి చేస్తూనే ఉండాలి. ఈలోగా మరొకరు 108కి ఫోన్ చెయ్యాలి. కనిపించని దాని కోసం నోట్లో వేలు పెట్టి వెతకొద్దు, ఇంకా లోపలికి పోతుంది. మీ క్రెష్‌లో ఇది వచ్చినవాళ్లు ఒకరైనా ఉన్నారా? అడగండి.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

ఆరో నెల నుంచి ఏడాది నిండేసరికి పిల్లలు సగటున 1.6-1.7 కిలోల బరువు పెరుగుతారు. నెలకోసారి ఒకే కాటా మీద తూచి, తల్లీబిడ్డల కార్డులో రాయించండి. వరుసగా రెండు నెలలు బరువు కదలకపోతే ఆగొద్దు. అరచేతులు, కనురెప్పల లోపల పాలిపోవటం, మట్టి, సున్నం తినటం, ఎప్పుడూ మత్తుగా, చిరాకుగా ఉండటం, కొద్దిగా పాకినా ఆయాసపడటం, తొమ్మిది నెలలొచ్చినా మెత్తటి ముద్ద మింగలేకపోవటం.. వీటిలో ఏది కనిపించినా పిల్లల డాక్టరుకు చూపించండి. ఒక చిన్న రక్తపరీక్షతో విషయం తేలుతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇది ఉచితం. ఐరన్ లోపమే అయితే మందుతో హిమోగ్లోబిన్ కొన్ని వారాల్లో పుంజుకుంటుంది గానీ, నిల్వలు నిండేదాకా డాక్టరు చెప్పినన్ని నెలలు వాడాలి.

ఉద్యోగానికి వెళ్లే తల్లి అపరాధభావంతో కుమిలిపోవాల్సిన పనిలేదు. ఓపికగా, శుభ్రంగా, చిక్కగా తినిపిస్తే ఎవరి చేత్తో తిన్నా బిడ్డ ఎదుగుతుంది. సెలవు ముగిసే ముందు ఒక వారం చాలు. ఉగ్గురవ్వ వేయించి డబ్బాలకెత్తండి. ఆయమ్మను, అమ్మమ్మను ఎదురుగా కూర్చోబెట్టి ఒక పూట మీరు తినిపించి చూపించండి, మరో పూట వాళ్లు తినిపిస్తుంటే చూడండి. ఆ బాధ్యతలో నాన్న కూడా సగం పంచుకోవాలి. రాత్రి పప్పు నానబెట్టటం, పొద్దున ఫ్లాస్కు వేడి చెయ్యటం, సాయంత్రం నోటుబుక్ చదవటం ఆయనకూ వచ్చే పనులే.